డయాలసిస్ మీద ఉన్న మనిషి ఎందుకు తూలుతాడు?

(కోయిలకుంట్లలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



1866 కరువులో ఆకలితో వచ్చినవారికి ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి అన్నం పెట్టిన సీమ ఇది. ఒకరి పేరున పదిమందికి పనికొచ్చే పని చేయడం ఇక్కడ ఎవరూ నేర్పక్కర్లేదు. మాస్టారి పిల్లలు ఆయన పేరున ఈ ఉపన్యాసనిధి పెడుతూ ఒకే షరతు పెట్టారు. విన్నవాళ్ళు ఇంటికి పోయాక చేయగల పని ఒకటైనా ఉపన్యాసంలో ఉండాలన్నారు.

మాస్టారు చివరి సంవత్సరాలు డయాలసిస్ మీద గడిపారని మీలో చాలామందికి తెలుసు. ఆయన్ను మంచాన పడేసింది మాత్రం పడిపోవడం. తెల్లవారుజామున కరెంటు పోయిన వేళ పెరట్లోకి పోతూ పడ్డారు, తుంటి విరిగింది, మళ్ళీ లేవలేదు. నేను చెవి, ముక్కు, గొంతు డాక్టరును. పగలు వీధి చివరిదాకా నడిచి వచ్చే మనిషి చీకట్లో నాలుగడుగులు వేయలేకపోయాడంటే మా శాఖవాళ్ళకు ఒక అనుమానం వస్తుంది. ఆ అనుమానాన్ని వివరించడమే ఈ సాయంత్రం నా పని.

పడడం వెనక ఉన్నది

డయాలసిస్ మీద ఉన్నవారు పడడం వేరు, మామూలు మనుషులు పడడం వేరు. కిడ్నీ దెబ్బతిన్నప్పుడు రక్తంలో ఫాస్ఫరస్ పేరుకుంటుంది, విటమిన్ డి పనిచేసే రూపంలోకి మారదు, గొంతు దగ్గరున్న పారాథైరాయిడ్ గ్రంథులు రెచ్చిపోయి ఎముకలోని కాల్షియాన్ని లాగేస్తాయి. ఎముక పైకి బాగానే కనిపిస్తుంది, లోపల బోలుగా ఉంటుంది. డయాలసిస్ మీద ఉన్నవారిలో తుంటి విరిగే ప్రమాదం మామూలు జనం కన్నా సుమారు 4 రెట్లు ఎక్కువని 2000లో అమెరికాలో వేసిన లెక్క తేల్చింది. డయాలసిస్ మీద ఉన్న వృద్ధులు సగటున ఏడాదికి ఒకసారికి మించి పడుతున్నారని విదేశీ అధ్యయనాలు చెబుతున్నాయి. పైగా మిషన్ గొట్టాల్లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు. అది ఒంట్లో ఉండగా తలకు దెబ్బ తగిలితే లోపల రక్తస్రావం మామూలుగా ఆగదు.

పడ్డాక కారణం అడిగితే ఇంట్లోవాళ్ళు నీరసం అంటారు. డయాలసిస్ టెక్నీషియన్ బీపీ పడిపోయిందంటాడు. డాక్టరు హిమోగ్లోబిన్ తక్కువుందంటాడు. మూడూ నిజమే కావచ్చు. అయితే ఆ మూడు జవాబుల దగ్గరే విచారణ ఆగిపోతుంది, లోపలి చెవిని ఎవరూ అడగరు. ఒక్క నాలుగు ప్రశ్నలు వేస్తే అది బయటపడుతుంది. కొంతవరకు మందు సూది దగ్గర జాగ్రత్తపడితే అసలు దెబ్బతినకుండానే కాపాడుకోవచ్చు. నేను చెప్పదలచిందంతా ఇంతే. మిగతా ఉపన్యాసం దీనికి వివరణ.

నిలబడడానికి ముగ్గురు సాక్షులు

మనం నిటారుగా నిలబడుతున్నామా, ఒరుగుతున్నామా అని మెదడుకు మూడు చోట్లనుంచి కబురు అందుతుంది. కళ్ళు చూసి చెబుతాయి. అరికాళ్ళు, కీళ్ళు, కండరాలు నేల గట్టిదనాన్ని బట్టి చెబుతాయి. మూడోది లోపలి చెవి. వినడానికి పనికొచ్చే శంఖం లాంటి కాక్లియా పక్కనే, కణత ఎముకలో, శనగ గింజ పట్టేంత చోటులో ఆ యంత్రాంగం ఉంటుంది.

అందులో మూడు అర్ధవర్తుల కుల్యలున్నాయి. బళ్ళో చదువుకున్నవారికి పేరు గుర్తుండొచ్చు. ఒకదానికొకటి దాదాపు లంబంగా అమరిన సన్నని గొట్టాలు, లోపల ద్రవం. మేస్త్రీ గోడ మీద రసమట్టం పెట్టి, అద్దపు గొట్టంలో బుడగ ఎటు జరిగిందో చూసి వాలు పట్టినట్టు, తల తిప్పగానే ఈ ద్రవం వెనకబడిన తీరు చూసి సున్నితమైన కణాలు తల ఎటు, ఎంత వేగంతో తిరిగిందో పసిగడతాయి. ఆ కణాల కొసలు వెంట్రుకల్లా ఉంటాయి. మనిషిలో అవి చచ్చిపోతే మళ్ళీ పనికొచ్చేంతగా మొలవవు.

కుల్యల మొదట్లో రెండు చిన్న సంచులున్నాయి. వాటిలో ఉన్నదాన్ని గురించి ఈ ఊళ్ళో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కడప, కర్నూలు రాళ్ళ పొరల మీద పెద్ద గ్రంథం వెలువరించాడు. కర్నూలు వర్గం అని పిలిచే ఆ పొరల్లో ఒకదానికి కోయిలకుంట్ల సున్నపురాయి అని పేరు. దాని కింద పాణ్యం, అవుకు, నర్జి, బనగానపల్లె పేర్లతో పొరలు, పైన నంద్యాల షేలు. మన ఇళ్ళలో పరుచుకున్న నాపబండలు కూడా ఆ సున్నపురాయి కుటుంబమే. సున్నపురాయిలో ముఖ్యంగా ఉండేది కాల్షియం కార్బొనేట్. లోపలి చెవి సంచుల్లో జిగురు పొర మీద పరిచి ఉన్న స్ఫటికాలూ అచ్చం కాల్షియం కార్బొనేటే. మిల్లీమీటరులో వందో వంతు మాత్రం ఉండే ఆ స్ఫటికాల బరువు తల వంచితే ఒకవైపు, బస్సు కదిలితే వెనక్కి జారుతుంది. భూమి ఎటుందో మెదడుకు తెలిసేది ఆ జారుడుతోనే.

చెవి పని నిలబెట్టడంతో అయిపోదు. మనం నడుస్తుంటే తల ప్రతి అడుక్కీ ఎగిరెగిరి పడుతుంది. అయినా ఎదుట బస్సు బోర్డు మీది అక్షరాలు నిలకడగా కనిపిస్తాయి. తల ఎటు కదిలితే దానికి సరిగ్గా ఎదురుదిశలో కళ్ళను తిప్పమని లోపలి చెవి ఆజ్ఞ ఇస్తుంది. ఒంట్లో ఇంత వేగంగా జరిగే ప్రతిక్రియలు తక్కువ. సెకనులో వందో వంతు కూడా పట్టదు. ఇది పోయినవాడికి నడిచినంతసేపూ లోకం ఊగుతూ కనిపిస్తుంది, ఆగితే లోకమూ ఆగుతుంది.

కిడ్నీకి, చెవికి ఉన్న సంబంధం

రక్తాన్ని వడకట్టే కిడ్నీకి, శబ్దం వినే చెవికి ఏం పొత్తు అని మీకు అనిపించవచ్చు. రెండూ లవణాలను, నీటిని అటూ ఇటూ పంపు చేసే అవయవాలు.

డయాలసిస్ ఇంట్లో పొటాషియం పేరు వింటే భయం. కొబ్బరినీళ్ళు వద్దు, అరటిపండు వద్దు, కూరగాయలు నీళ్ళలో నానబెట్టి ఆ నీళ్ళు పారబోయండి అని చెబుతారు. రక్తంలో అది లీటరుకు 5 యూనిట్ల దగ్గరే ఉండాలి, బాగా పెరిగితే గుండె ఆగుతుంది. లోపలి చెవి గొట్టాల్లోని ద్రవంలో మాత్రం పొటాషియం దాదాపు 150 ఉంటుంది, అంటే రక్తంలో కన్నా 30 రెట్లు. తిన్న పండుకూ దీనికీ సంబంధం లేదు. చెవిలోని ప్రత్యేక కణాలు రాత్రీ పగలూ పంపు చేసి దాన్ని అక్కడ నిలబెడతాయి. ఆ తేడా ఉంటేనే వెంట్రుకల కణాలు కబురు పంపగలవు. ఇలాంటి పంపులే కిడ్నీ గొట్టాల్లోనూ ఉన్నాయి. అందుకే మూత్రం ఎక్కువ పోవడానికి ఇచ్చే ఫ్యూరోసెమైడ్‌ను రక్తనాళంలోకి పెద్ద మోతాదులో గబగబా ఎక్కిస్తే, కొందరికి చెవుల్లో హోరు పుట్టి వినికిడి తగ్గుతుంది. చాలామందికి అది తిరిగి వస్తుంది. కిడ్నీలో ఉప్పు పంపును ఆపే మందు చెవిలోని దాని తోబుట్టువునూ తాకినందువల్ల అలా జరుగుతుంది.

పుట్టుకతో వచ్చే జబ్బులు ఈ బంధాన్ని ఇంకా తేటగా చూపిస్తాయి. 1927లో సెసిల్ ఆల్పోర్ట్ అనే వైద్యుడు ఒక కుటుంబాన్ని వర్ణించాడు. మూత్రంలో రక్తం, క్రమంగా కిడ్నీ చెడిపోవడం, దానితోపాటే చెవుడు, అందులోనూ మగవాళ్ళకు తీవ్రంగా. ఇప్పుడు దాన్ని ఆల్పోర్ట్ సిండ్రోమ్ అంటున్నాం. కిడ్నీ జల్లెడకూ చెవిలోని పొరలకూ ఆధారంగా ఉండే ఒక రకం కొల్లాజెన్ తయారీలో లోపం దానికి మూలం. ఇంట్లో మేనమామకు, మేనల్లుడికి చిన్న వయసులోనే కిడ్నీ జబ్బూ చెవుడూ రెండూ ఉంటే ఈ సంగతి డాక్టరుకు చెప్పాలి.

పెద్ద వయసులో వచ్చే కిడ్నీ జబ్బు సంగతీ చూద్దాం. ఆస్ట్రేలియాలో సిడ్నీ పక్కనున్న బ్లూ మౌంటెన్స్ ప్రాంతంలో 50 దాటిన రెండున్నర వేల మందికి పైగా పరీక్షించి 2010లో ఫలితాలు ప్రకటించారు. కిడ్నీ పనితనం ఒక మాదిరిగా తగ్గినవారిలో 54 శాతానికి వినికిడి లోపం ఉంది, బాగున్నవారిలో 28 శాతానికి. వయసు, షుగర్, బీపీ లాంటివి లెక్కలోంచి తీసేశాక తేడా బాగా తగ్గింది, కానీ పోలేదు. ఇది వినికిడి లెక్క. సమతుల్యత మీద, అందులోనూ డయాలసిస్ రోగుల మీద జరిగిన అధ్యయనాలు చాలావరకు చిన్నవి. వాటిలో మళ్ళీమళ్ళీ కనిపించే సంగతి ఒకటుంది. ఏ బాధా లేదని చెప్పిన రోగుల్లోనూ కొందరికి చెవి పరీక్షలు మామూలుగా రావు.

కిడ్నీ పోయిన ప్రతివారికీ చెవి పోతుందని దీని అర్థం కాదు. షుగర్ రెండింటినీ తింటుంది, బీపీ రెండింటి రక్తనాళాలనూ బిగిస్తుంది, వయసు దేన్నీ వదలదు. ఎందులో ఏది ఎంత అని విడదీయడం కష్టం. కానీ ఒక కారణం మటుకు మన చేతుల్లో ఉంది.

గిరగిరా తిరగని జబ్బు

1943లో అమెరికాలో సెల్మన్ వాక్స్‌మన్ ప్రయోగశాలలో ఆల్బర్ట్ షాట్జ్ అనే యువకుడు మట్టిలోని సూక్ష్మజీవి నుంచి స్ట్రెప్టోమైసిన్ తీశాడు. క్షయకు మొట్టమొదటిసారి మందు దొరికింది. వాడడం మొదలైన కొద్దికాలానికే కొందరు రోగులు తూలడం మొదలుపెట్టారు. తర్వాత ఆ కుటుంబంలోనే జెంటామైసిన్, అమికాసిన్, కనామైసిన్ వచ్చాయి. ఇవన్నీ ప్రాణం కాపాడిన మందులే. అయితే ఈ మందులు రెండు చోట్లకు చేరి కూర్చుంటాయి, కిడ్నీ గొట్టాల్లోకి, లోపలి చెవి వెంట్రుకల కణాల్లోకి. అమికాసిన్ ఎక్కువగా వినికిడిని, జెంటామైసిన్, స్ట్రెప్టోమైసిన్ ఎక్కువగా సమతుల్యతను దెబ్బతీస్తాయి.

కిడ్నీ బాగున్న మనిషిలో జెంటామైసిన్ రెండు మూడు గంటల్లో సగానికి తగ్గుతుంది. కిడ్నీ పనిచేయనివారిలో ఒక రోజు గడిచినా సగం కాదు. అందరికీ ఇచ్చినట్టే రోజూ ఇస్తూ పోతే నిన్నటిది ఒంట్లో ఉండగానే ఇవాళ్టిది వచ్చి చేరుతుంది. చెవి ద్రవంలో చేరింది రక్తంలో మందు అయిపోయాక కూడా పోదు. ఒక్కోసారి సూదులు ఆపేసిన వారాలకు గానీ దెబ్బ బయటపడదు. అప్పటికి ఆ సూదికీ ఈ తూలుడుకూ ముడి వేసేవారు ఎవరూ ఉండరు.

ముడి పడకపోవడానికి ఇంకో కారణం ఉంది. ఒక చెవి మాత్రమే చెడితే రెండు చెవుల కబుర్లలో తేడా వచ్చి మనిషికి ఇల్లు గిరగిరా తిరుగుతుంది, వాంతులవుతాయి, ఆటో ఎక్కి ఆసుపత్రికి పరిగెత్తుతాడు. సూది మందు రెండు చెవులనూ సమంగా, నెమ్మదిగా దెబ్బ కొడుతుంది. తేడా లేదు గనుక తిరుగుడు లేదు. "కండ్లు తిరుగుతాండాయా పెద్దాయనా?" అని అడిగితే "లేదు సార్" అనే అంటాడు, అబద్ధం కాదు. చీకట్లో నడవలేడు, మెత్తని ఇసుకలో కాలు నిలవదు, తల మీద నీళ్ళు పోసుకుంటూ కళ్ళు మూస్తే గోడ పట్టుకుంటాడు. వయసైపోయిందనుకుని ఊరుకుంటాడు.

ఆ అవస్థ లోపలినుంచి ఎలా ఉంటుందో ఒక డాక్టరు రాశాడు. జె.సి. అనే పొడి అక్షరాలతో 1952లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయింది. స్ట్రెప్టోమైసిన్‌తో ఆయన రెండు చెవుల సమతుల్యతా పోయింది. మంచం మీద పడుకుని పుస్తకం చదవబోతే, గుండె కొట్టుకున్నప్పుడల్లా తల కదిలే ఆ కాస్త కదలికకే అక్షరాలు ఎగిరాయి. చివరకు మంచం తలవైపున్న ఇనుప ఊచల మధ్య తల బిగించి పెట్టుకుని చదివాడు. నడుస్తూ ఎదురొచ్చేవారి ముఖం పోల్చుకోవాలంటే ఆగి నిలబడాల్సి వచ్చేది. మన ఊళ్ళో "పలకరించినా పలక్కుండా పోయినాడు, గర్వం" అని ఎవరినైనా అనుకునేముందు ఈ మాట ఒకసారి తలచుకోండి.

జ్వరం వచ్చినా, విరేచనాలైనా జెంటామైసిన్ సూది వేసేయడం పల్లెల్లో ఏళ్ళ తరబడి ఉన్న అలవాటు. చవక, వెంటనే దొరుకుతుంది, పనిచేస్తుంది. డయాలసిస్ రోగికి మాత్రం అది కిడ్నీ డాక్టరు లెక్క కట్టి, ఎప్పుడు ఇవ్వాలో ఎన్నాళ్ళు ఇవ్వాలో చెప్పి ఇవ్వాల్సిన మందు. వేరే దారి లేక ఇవ్వాల్సిన సందర్భాలు ఉంటాయి. మెడలో పెట్టిన కాథెటర్ చీముపడితే ప్రాణం ముందు, చెవి తర్వాత. అప్పుడు కూడా రక్తంలో మందు మోతాదు చూసుకుంటూ, వీలైనంత తక్కువ రోజులు ఇస్తారు. ఫ్యూరోసెమైడ్ తోడైతే ప్రమాదం ఇంకా ఎక్కువని గుర్తుంచుకుంటారు.

మిషన్ మీద నాలుగు గంటలు

డయాలసిస్ తనంతట తాను ఎంత తూలుడు తెస్తుందో ఇప్పుడు చూద్దాం. 1943లోనే, జర్మన్ల ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లో విల్లెం కోల్ఫ్ అనే వైద్యుడు తిరిగే డ్రమ్ముతో మొదటి కృత్రిమ కిడ్నీ నడిపాడు. 1960లో సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ టెఫ్లాన్ గొట్టం అమర్చాకే ఏళ్ళ తరబడి డయాలసిస్ చేయడం వీలైంది. ఇప్పుడు మన దగ్గర జరిగేది దాని మెరుగైన రూపం. సుమారు 4 గంటలు, నిమిషానికి 200 నుంచి 300 మిల్లీలీటర్ల రక్తం బయటికి వచ్చి లోపలికి పోతుంది. మిషన్ జల్లెడకు అవతల ఒక్క విడతలో దాదాపు 120 లీటర్ల శుద్ధిచేసిన నీళ్ళు ప్రవహిస్తాయి.

రెండు విడతల మధ్య ఒంట్లో చేరిన నీళ్ళన్నీ ఆ నాలుగు గంటల్లో తీయాలి. చింతకాయ తొక్కు, ఊరగాయ, కారంపొడి తిన్న రోజు దాహం పెరుగుతుంది, రెండు కిలోలు పెరగాల్సినచోట నాలుగు పెరుగుతుంది. అంత నీటిని గబగబా లాగితే బీపీ పడిపోతుంది. వారానికి మూడుసార్లు కావాల్సిన మనిషి బస్సుఛార్జీలకు, కూలి పోతుందన్న భయానికి రెండుసార్లకే సరిపెట్టుకుంటే ప్రతిసారీ ఎక్కువ తీయాలి. కొత్తగా మొదలైనవారిలో రక్తంలోని యూరియా ఒక్కసారిగా తగ్గి మెదడు కణాల్లోకి నీరు చేరుతుంది, తలనొప్పి, వాంతులు, మత్తు వస్తాయి. అందుకే మొదటి విడతలు చిన్నవిగా చేస్తారు.

వీటితోపాటు మిగతా ఇద్దరు సాక్షులూ అప్పటికే బలహీనులు. షుగర్ వల్ల, యూరియా వల్ల అరికాళ్ళ నరాలు మొద్దుబారి ఉంటాయి. షుగర్ కంటిపొరనూ తిని ఉంటుంది. మూడింటిలో రెండు పోయినచోట చెవి ఒక్కటే నిలబెట్టాలి. దాన్ని సూదితో మనమే పోగొడితే మనిషిని ఆపేదేమీ మిగలదు.

డయాలసిస్ సూదులు తీసేశాక పది పదిహేను నిమిషాలు వేలితో నొక్కి పట్టుకుంటారు చూశారా, ఆ సమయం వృథా కాదు. పడుకున్న బీపీ, కూర్చున్న బీపీ, లేచి నిలబడి ఒకటి రెండు నిమిషాలయ్యాక బీపీ, మూడూ చూడాలి. పడుకుని 130 ఉన్నది నిలబడేసరికి 105కు దిగితే ఆ మనిషిని బస్టాండుకు ఒంటరిగా పంపకూడదు.

నాలుగు ప్రశ్నలు

ఏది చెవి, ఏది బీపీ అన్నది పెద్ద మిషన్లు లేకుండానే చాలావరకు తేలుతుంది.

మొదటి ప్రశ్న: ఎప్పుడు? మంచం మీదనుంచి లేచి నిలబడగానే కళ్ళు చీకట్లు కమ్మితే, అదీ డయాలసిస్ రోజు సాయంత్రమే అయితే, బీపీ. పక్కమీద ఒకవైపు ఒత్తిగిల్లినప్పుడల్లా అరనిమిషం పాటు ఇల్లు తిరిగి ఆగిపోతే, ఇందాక చెప్పిన సున్నపు స్ఫటికాలు జారి కుల్యలోకి పోయాయన్నమాట. మందులక్కర్లేదు. తలను వరుసగా నాలుగు భంగిమల్లో తిప్పే ఎప్లీ పద్ధతితో పది నిమిషాల్లో చాలామందికి తగ్గుతుంది. ఇది మళ్ళీమళ్ళీ వచ్చేవారిలో విటమిన్ డి తక్కువుంటే సరిచేయడం మేలని 2020లో కొరియాలో జరిగిన పెద్ద పరీక్షలో తేలింది. డయాలసిస్ రోగులు మాత్రం కాల్షియం, విటమిన్ డి బిళ్ళలు సొంతంగా మింగకూడదు. వాళ్ళ లెక్క వేరు, కిడ్నీ డాక్టరే చెప్పాలి.

రెండో ప్రశ్న: చీకట్లో ఎలా ఉంటుంది? పగలు బాగుండి రాత్రి తూలితే చెవినో పాదాల నరాలనో అనుమానించాలి. మెత్తని దిండు మీద నిలబెట్టి, పక్కన ఇద్దరు కాచుకుని ఉండగా కళ్ళు మూయమంటే తెలిసిపోతుంది. నేల మీద నిలబడి దిండు మీద ఒరిగిపోతే చెవి మీద అనుమానం బలపడుతుంది.

మూడో ప్రశ్న: నడుస్తూ బోర్డు చదవగలవా? ఇంట్లో గోడ క్యాలెండరు చాలు. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి, కదలకుండా ఏ సైజు అక్షరాలదాకా చదవగలడో చూడండి. పెద్ద అంకెలు, కింద తిథి, ఇంకా కింద నక్షత్రం, వర్జ్యం. తర్వాత తలను రెండు చేతులతో పట్టుకుని చిన్నగా, సెకనుకు రెండుసార్లు అటూ ఇటూ ఊపుతూ మళ్ళీ చదవమనండి. మామూలు మనిషికి పెద్ద తేడా ఉండదు. ఇందాక వర్జ్యం చదివినవాడు ఇప్పుడు తేదీ అంకె కూడా పోల్చలేకపోతే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. మెడనొప్పి ఉన్నవారికి ఇది చేయకండి.

నాలుగో ప్రశ్న: గడిచిన ఆరు నెలల్లో ఏ సూదులు వేయించుకున్నావు? చీటీలు, ఖాళీ సీసాలు ఉంటే తెమ్మనండి.

ఆసుపత్రిలో చేసే పరీక్షల్లో పాతది, ఇప్పటికీ వాడుతున్నది చెవిలో నీళ్ళు పోసేది. వియన్నాలో రాబర్ట్ బరానీ అనే వైద్యుడు చెవి కడుగుతుండగా నీళ్ళు చల్లగా ఉంటే రోగి కళ్ళు ఒకవైపు, వేడిగా ఉంటే రెండోవైపు కొట్టుకోవడం గమనించాడు. ఒంటి వేడి కన్నా 7 డిగ్రీలు తక్కువ, 7 డిగ్రీలు ఎక్కువ ఉన్న నీళ్ళతో ఒక్కో చెవిని విడిగా పరీక్షించవచ్చు. ఆయనకు 1914 నోబెల్ బహుమతి ప్రకటించేనాటికి యుద్ధఖైదీగా రష్యా శిబిరంలో ఉన్నాడు. ఇప్పుడు తలను చటుక్కున తిప్పి కంటి కదలికను కెమెరాతో కొలిచే పరికరాలూ వచ్చాయి. కెమెరా లేకపోయినా అనుభవం ఉన్న డాక్టరు చేత్తో తల తిప్పి, కన్ను వెనకబడి ఒక్క గెంతు వేసి అందుకోవడం చూసి చెప్పగలడు.

మాట తడబడడం, మూతి ఒకవైపు వంకర పోవడం, ఒక చెయ్యో కాలో పట్టుదప్పడం, ఒకటి రెండుగా కనిపించడం, వీటిలో ఏదైనా తిరుగుడుతో కలిసి వస్తే అది పక్షవాతం కావచ్చు. ఆ క్షణాన క్యాలెండరు పరీక్షలు వద్దు, అంబులెన్సుకు 108 కొట్టండి. రాత్రికి రాత్రి ఒక చెవి వినపడకుండా పోయినా గులిమి అనుకుని వారం ఆగకండి. తొలి రోజుల్లో వస్తేనే వైద్యం పనిచేసే అవకాశం.

చేయగలిగినవి

పోయిన కణాలు రావు, కానీ మెదడు నేర్చుకుంటుంది. చాచిన బొటనవేలి మీద చూపు నిలిపి తల అటూ ఇటూ తిప్పడం, మొదట కూర్చుని, తర్వాత నిలబడి, తర్వాత నడుస్తూ. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో ఇంగ్లండ్‌లో కాథార్న్, కుక్సీ అనే వైద్యులు తలకు దెబ్బలు తగిలినవారి కోసం కూర్చిన వ్యాయామాలు వీటికి మూలం. డయాలసిస్ లేని రోజున, పక్కన ఒక మనిషి ఉండగా, కొద్ది నిమిషాల చొప్పున రోజుకు రెండు మూడుసార్లు చేయాలి. తిరుగుడు తగ్గించే ప్రోక్లోర్‌పెరజిన్, సినారిజిన్ బిళ్ళలు రెండు మూడు రోజులకు మంచివే. నెలల తరబడి మింగితే మెదడు నేర్చుకునే పని మందగిస్తుంది, పెద్దవాళ్ళకు చేతులు వణుకుతాయి, మనిషి బిగుసుకుపోతాడు.

ఇంట్లో చూడాల్సింది స్నానాలగది. నున్నగా పాలిష్ పట్టిన నాపబండ మీద సబ్బునీళ్ళు పడితే కాళ్ళు బాగున్నవాడూ జారతాడు. గరుకు బండ వేయించండి, గోడకు పట్టుకోవడానికి ఇనుప కడ్డీ పెట్టించండి, స్టూలు మీద కూర్చుని పోసుకోమనండి. మంచం నుంచి మరుగుదొడ్డిదాకా రాత్రి ఒక చిన్న లైటు వెలగాలి, కరెంటు పోతే దానంతటదే వెలిగే ఛార్జింగ్ లైటు ఇంకా మంచిది. గడప దగ్గర చెప్పులు, చాప మడతలు లేకుండా చూడాలి. వీటికి అయ్యే ఖర్చు తుంటి ఆపరేషన్ ఖర్చులో మూలకు రాదు.

ప్రభుత్వం చేయాల్సింది కొంత చేసింది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీతో పేదవాడికి డయాలసిస్ డబ్బు కట్టకుండా దొరికింది. 2016లో కేంద్రం జాతీయ డయాలసిస్ కార్యక్రమం తెచ్చింది. డయాలసిస్ రోగులకు మన రాష్ట్రంలో నెలకు 10,000 రూపాయల పింఛను అందుతోంది. ఇంటింటా కిడ్నీ జబ్బున్న శ్రీకాకుళం ఉద్దానం కోసం 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. అదే ఏడాది నంద్యాలలో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. ఇన్ని కోట్లు పెట్టి బతికించుకున్న మనిషి పెరట్లో పడి పోవడం మనం ఆపగలిగిన నష్టం. దానికి కొత్త పథకం అక్కర్లేదు. ప్రతి డయాలసిస్ ఫైలు మొదటి పేజీ మీద నాలుగు గళ్ళు గీసి నెలకోసారి నింపితే చాలు: ఈ నెల పడ్డాడా, నిలబడ్డప్పుడు బీపీ ఎంత, చీకట్లో నడవగలుగుతున్నాడా, బయట ఏ సూదులు వేయించుకున్నాడు. వైద్య కళాశాలలో చదివే పిల్లలు అదే ఫైళ్ళు ముందు పెట్టుకుని మన ప్రాంతపు లెక్కలు తీయగలరు. ఆ లెక్కలు లేకుండా విదేశీ అంకెలతో ఎన్నాళ్ళు మాట్లాడతాం?

సభలో ఆర్‌ఎంపీ అన్నలూ, మందుల షాపుల వాళ్ళూ ఉన్నారు. ఊళ్ళో అర్ధరాత్రి తలుపు కొడితే తీసేది మీరే, అందుకే అడుగుతున్నాను. సూది గుచ్చే ముందు "డయాలసిస్ నడుస్తాందా, కిడ్నీ జబ్బుందా?" అని ఒక్క మాట అడగండి. అవునంటే జెంటామైసిన్, అమికాసిన్, నొప్పి సూదులు పక్కన పెట్టి వాళ్ళ కిడ్నీ డాక్టరుకు ఫోన్ కొట్టండి. రోగులూ, ఇంట్లోవాళ్ళూ మొహమాటపడకండి. "అన్నా, మాకు డయాలసిస్, ఈ సూది వేయొచ్చునా?" అని అడిగితే ఎవరూ తప్పుపట్టరు. తలుపు దగ్గర బల్ల మీద ఇదే మాట పెద్ద అక్షరాల్లో అచ్చువేసిన కాగితాలు పెట్టారు. ఇంట్లో, పక్కింట్లో డయాలసిస్‌కు పోయేవారుంటే ఒకటి తీసుకుపోయి ఆధార్ కార్డుతోపాటు వాళ్ళ జేబులో పెట్టండి. చదవడం రాకపోతే చదివి వినిపించండి.